పెరట్లో చేపల గుంట, పక్కనే రాతి అరుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కలన్నీ ఒకే నమూనాకు వేశాం: గుంట 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు, అరుగు 12 అడుగులకు 10 అడుగులు. మీ కొలతలు వేరైనా లెక్క కట్టే పద్ధతి ఇదే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నేల, నీళ్లు, ఎండ, తుఫాన్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. వేరే ప్రాంతాల వాళ్లు వీడియోల్లో చెప్పేవి కొన్ని ఇక్కడ పనికిరావు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

సంక్రాంతి దాటాక. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. జనవరి ఆఖరుకు నేల తవ్వడానికి వీలుగా ఆరుతుంది, అప్పటికింకా గునపం దిగనంత గట్టిపడదు. ఫిబ్రవరి మొదటి వారాల్లో నీళ్లు పట్టేస్తే మార్చి నెలాఖరుకు వడపోత పనిలో పడుతుంది, ఎండలు ముదిరేలోగా చేపలు అలవాటుపడతాయి. రోహిణి కార్తెలో కొత్త చేపలు తెచ్చి వేయడమంటే డబ్బు పారేసుకోవడమే. ఫిబ్రవరి తప్పిపోతే జులై దాకా ఆగండి.

చోటు ఎలా చూడాలి?

ఇంటి పునాదికి 5 అడుగులు, సెప్టిక్ ట్యాంకుకు 10 అడుగులు ఎడం ఉండాలి. వేప, బాదం, మునగ చెట్ల కింద వద్దు. ఆకు, పువ్వు, పండు రాలి అడుగున కుళ్లితే నీళ్లలో ఆమ్లజని (ఆక్సిజన్) పడిపోతుంది. జూన్, జులైల్లో వేపపండ్లు రాలే చెట్టుంటే వల కప్పక తప్పదు.

పొద్దున నాలుగైదు గంటల ఎండ చాలు, మధ్యాహ్నం రెండు దాటాక నీడ పడాలి. అంటే ఇంటికి తూర్పు వైపు మేలు. వాస్తు చూసేవాళ్లు నీళ్లు ఈశాన్యంలో ఉండాలంటారు. ఆ మూలకు సాయంత్రం ఇంటి నీడే పడుతుంది కాబట్టి ఈ విషయంలో చేపలకూ వాస్తుకూ పేచీ లేదు.

అన్నిటికంటే ముందు పెరట్లో వాన నీరు ఎటు పారుతుందో చూడండి. అది చేరే పల్లంలో గుంట తవ్వొద్దు. చూడ్డానికి అక్కడే బాగుంటుంది, కానీ మొదటి పెద్ద వానకే మట్టి, మొక్కలకు వేసిన ఎరువు, కొట్టిన మందు అన్నీ గుంటలోకి దిగుతాయి. ఇలాంటి గుంటల్లో చేపలు చచ్చేది పంపు చెడినప్పుడే కాదు, చోటు తప్పినా.

మాది తీరానికి దగ్గర, ఇసుక నేల. తవ్వచ్చా?

ముందు పక్కింటి బావిలోనో దొరువులోనో నవంబరులో నీళ్లు ఎంత పైకి వస్తాయో కనుక్కోండి. మేలో 3 అడుగులు తవ్వితే పొడి ఇసుకే కనిపిస్తుంది, నీళ్లు ఇంకకుండా ఆపే ప్లాస్టిక్ షీటు ధైర్యంగా పరుస్తారు. నవంబరులో భూగర్భజలం లేచి షీటు కిందికి చేరుతుంది, అప్పుడు షీటు బుడగలా పైకి ఉబ్బుతుంది. గుంటలో నీళ్లు నిండుగా ఉంటే ఆ బరువు కొంత అణచిపెడుతుంది కానీ, శుభ్రం చేయడానికి ఖాళీ చేసిన రోజున చేతికి వచ్చేస్తుంది.

వానాకాలంలో నీటిమట్టం 4 అడుగుల లోపు ఉండే చోట తవ్వకం మానేసి నేల మీద కట్టండి. 9 అంగుళాల ఇటుక గోడ, 3 అడుగుల ఎత్తు, పైన 3 అంగుళాల కాంక్రీటు బెల్టులో రెండు 8 మిల్లీమీటర్ల కడ్డీలు, లోపల 1:4 (ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక) ప్లాస్టరింగు, దాని మీద షీటు. నాలుగున్నర అంగుళాల గోడ చాలంటాడు మేస్త్రీ. చాలదు. నిలబడ్డ నీళ్లు పక్కలకు నెడతాయి, మూలల్లో చీలుతుంది. గోడ పైభాగాన్ని అడుగు వెడల్పు రాయితో మూస్తే కూర్చోడానికీ పనికొస్తుంది.

నల్లరేగడి నేలయితే?

తడికి ఉబ్బి ఎండకు బీటలు వారే నేల అది. అందులో ఒట్టి సిమెంటు తొట్టి కడితే రెండు మూడు ఎండాకాలాలకే పగుళ్లు వస్తాయి. షీటు సాగుతుంది కాబట్టి తట్టుకుంటుంది. గుంటను అన్ని వైపులా 6 అంగుళాలు ఎక్కువ తవ్వి, ఆ ఖాళీని ఎర్ర గ్రావెల్‌తో నింపి దిమ్మిస కొట్టండి. అరుగు కిందా అంతే: పైన కనీసం 9 అంగుళాల నల్లమట్టి తీసేసి గ్రావెల్ పోయాలి. గుంట తవ్విన నల్లమట్టినే అరుగు కింద సర్దేద్దామని చాలామంది అనుకుంటారు. అది మొక్కల మడులకు వేసుకోండి.

గుంటలో ఎన్ని లీటర్లు పడతాయి? షీటు ఎంత తేవాలి?

పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి 28.3తో మళ్లీ గుణిస్తే లీటర్లు. 10 × 6 × 3 అంటే 180 ఘనపుటడుగులు, సుమారు 5,100 లీటర్లు. పక్కల వాలు, మొక్కల కుండీలు పెట్టే మెట్టు పోను 4,000 మిగులుతాయి. ఈ అంకె గోడ మీద రాసి పెట్టుకోండి, మందు వేయాల్సి వచ్చినప్పుడు కావాలి. కచ్చితంగా తెలియాలంటే 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి, గుంట నిండడానికి పట్టిన సమయంతో లెక్కకట్టండి.

షీటు పొడవు = గుంట పొడవు + రెండింతల లోతు + 2 అడుగులు. అంటే 10 + 6 + 2 = 18. వెడల్పు 6 + 6 + 2 = 14. 18 × 14 అడుగుల ఒకే ముక్క, అతుకు లేకుండా తీసుకోండి. రొయ్యల చెరువులకూ సేద్యపు కుంటలకూ పరిచే నల్లటి హెచ్‌డీపీఈ షీటు 500 మైక్రాన్లది సరిపోతుంది. నెల్లూరు, కోవూరు, కావలి వైపు ఆక్వా సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. నీలం టార్పాలిన్ వద్దు, మన ఎండకు పొరలు పొరలుగా లేచిపోతుంది.

సిమెంటు తొట్టి కడితే శాశ్వతం కదా?

మంచి మేస్త్రీ, గట్టి నేల, చాలినంత ఇనుము ఉంటే శాశ్వతమే. కానీ కొత్త సిమెంటులోంచి సున్నం దిగి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 10 దాటుతుంది, చేపలకు అది ప్రాణాంతకం. 21 రోజులు క్యూరింగ్ చేసి, తర్వాత నీళ్లు నింపి వారం ఉంచి పారబోయడం మూడుసార్లైనా చేయాలి. పీహెచ్ 8.5 లోపు నిలబడ్డాకే చేపలు. సొంతంగా చేసుకునేవాళ్లకు షీటే మా సలహా.

తవ్వకం నుంచి నీళ్లు పట్టేదాకా వరస ఏమిటి?

సున్నంతో గుంట, అరుగు రెండూ ఒకేసారి గీయండి. గుంట చుట్టూ నాలుగు మేకులు కొట్టి, సన్నటి గొట్టంలో నీళ్లు పోసి లెవెల్ చూడండి. 10 అడుగుల గుంటలో ఒక అంచు రెండంగుళాలు పల్లమైతే నీళ్లు అక్కడే పొర్లుతాయి, అవతలి వైపు రెండంగుళాల నల్ల షీటు ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. తర్వాత సరిచేయడం దాదాపు కుదరదు.

అడుగు లోతు దాకా తవ్వి, ఒక పక్క అడుగు వెడల్పు మెట్టు వదిలి మిగతాది 3 అడుగులకు దింపండి. గట్టి ఎర్రనేలలో పక్కలు దాదాపు నిలువుగా నిలుస్తాయి. ఇసుక పాలు ఉంటే వాలు ఎక్కువ పెట్టాలి, లేదంటే కూలుతుంది. అడుగున ఒక మూల 3 అంగుళాల పల్లం ఉంచితే మురికి అక్కడ చేరుతుంది. ఈ తవ్వకంలో వచ్చే మట్టి వదులయ్యాక దాదాపు రెండు యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) అవుతుంది, ఎక్కడ పోయాలో ముందే అనుకోండి.

అంచు చుట్టూ రెండు వరసల ఇటుక 1:6 సిమెంటుతో కట్టి, చుట్టూ నేల కంటే 4 అంగుళాలు ఎత్తు ఉంచండి. వాన నీరు లోపలికి రాకుండా ఆపేది ఈ కట్టే. వేర్లు, గాజు పెంకులు, మొనదేలిన కంకర ఏరేసి 2 అంగుళాల ఇసుక పరవండి. ఇసుక మీద పాత ఫ్లెక్సీలు రెండు పొరలు వేయండి. ఎన్నికలైన ఏడాది వాటికి కరువుండదు. గోనెసంచులు వద్దు, చెదలు పడతాయి.

షీటును ఎండలో గంట పరిచి మెత్తబడ్డాక గుంటలోకి దించండి. మడతలు చెదురుమదురుగా కాకుండా మూలల్లో ఒకటి రెండు పెద్ద మడతలుగా సర్దండి. నీళ్లు నిండుతుండగా బరువుకు షీటు దానంతటదే దిగుతుంది, అంచులు బిగించి పట్టుకోవద్దు. పూర్తిగా నిండాకే అదనపు షీటు కోసి, ఇటుక కట్ట మీద మడిచి పైన రాయి పెట్టండి. నిండకముందే కోసినవాళ్లకు ఒక మూల పొట్టైపోవడం మామూలే.

పొర్లుగొట్టం మరవొద్దు: నీటిమట్టం దగ్గర 3 అంగుళాల పీవీసీ పైపు, నోటికి జాలీ, చివర మొక్కల వైపు.

అరుగుకు ఏమేం కావాలి?

12 × 10 అంటే 120 చదరపుటడుగులు. నేలను 7 అంగుళాలు దింపి దిమ్మిస కొట్టండి. దాని మీద 4 అంగుళాల గ్రావెల్: లెక్కకు 40 ఘనపుటడుగులు, కొడితే కుదించుకుపోతుంది కాబట్టి 50 తెప్పించండి, అంటే అర యూనిట్. ఒకేసారి పోయకుండా రెండు పొరలుగా, తడిపి కొట్టాలి. తర్వాత అంగుళం క్రషర్ డస్టు లేదా ఇసుక: లెక్కకు 10 ఘనపుటడుగులు, ఇదీ కుదించుకుపోతుంది కాబట్టి 13. పైన 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు, కోతకు, పగుళ్లకు కలిపి 5 శాతం ఎక్కువ. చుట్టూ సిమెంటులో నిలబెట్టిన ఇటుక వరస ఉండాలి, అది లేకపోతే బ్లాకులు ఏడాదిలోపే పక్కలకు జరిగి సందులు తెరుచుకుంటాయి.

వాలు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు, 10 అడుగులకు అంగుళంపావు. ఎటు? ఇంటికి దూరంగా, గుంటకూ దూరంగా. చాలామంది ఇంటికి దూరంగా అని మాత్రం గుర్తుపెట్టుకుని వాలును నేరుగా గుంటలోకి ఇస్తారు. అప్పుడు అరుగు కడిగిన సబ్బునీళ్లన్నీ చేపల నోట్లోకే.

ఏ రాయి మేలు?

కడప నాపరాయి చౌక, మన్నిక, పైగా ప్రతి మేస్త్రీకీ చేయి తిరిగిన పని. అయితే నల్లటి రాయి, ఏప్రిల్ మధ్యాహ్నం కాలు పెట్టలేరు. నీడ పడే చోట వాడండి. దాన్ని ఇసుక మీద కాకుండా 1:6 సిమెంటు మాలు మీద పరిచి సందులు 1:3తో పూడ్చాలి. నాపరాయి సున్నపురాయి జాతి, బాత్రూములు కడిగే ఆసిడ్ తగిలితే తెల్లబారిపోతుంది. ఆ ఆసిడ్ నీళ్లు గుంటలోకి పోతే ఇక చెప్పక్కర్లేదు. ఒట్టి నీళ్లు, చీపురు చాలు.

చీమకుర్తి గ్రానైట్ ముక్కలు దగ్గర్లో దొరికేవాళ్లకు ఆశ పుడుతుంది. పాలిష్ ముఖం తడిస్తే జారుతుంది. గరుకు ముఖం పైకి వచ్చేలా వేస్తేనే వాడండి, లేదా గుంట అంచు రాళ్లకు పరిమితం చేయండి. అంచు రాయి గుంట మీదికి 2 అంగుళాలు చొచ్చుకొస్తే షీటు ఎండకు కనిపించదు, ఎక్కువకాలం మన్నుతుంది.

పంపు, వడపోత ఎంతవి కావాలి?

గుంట నీళ్లు గంట, గంటన్నరకు ఒకసారి వడపోతలోంచి తిరగాలి. 4,000 లీటర్లకు గంటకు 3,000 నుంచి 4,000 లీటర్ల పంపు. డబ్బా మీద రాసిన అంకె ఎత్తు లేనప్పటిది. 4 అడుగులు పైకి తోస్తే చాలా తగ్గుతుంది కాబట్టి ఎత్తుకు ఎంత ఇస్తుందో పట్టికలో చూసి కొనండి. 40 వాట్ల పంపు రోజంతా నడిస్తే దాదాపు ఒక యూనిట్, నెలకు 29.

వడపోతకు 200 లీటర్ల నీలం డ్రమ్ము చాలు. అంతకుముందు రసాయనాలు ఉన్న డ్రమ్ము ఎంత కడిగినా వాడొద్దు. నీళ్లు కిందనుంచి లోపలికి వచ్చి పైనుంచి గుంటలోకి జారాలి. అడుగున ఖాళీ, దాని మీద జాలీ, ముతక స్పాంజి, పైన 40 మిల్లీమీటర్ల కంకర లేదా ముక్కలు చేసిన పాత నైలాన్ వల. డ్రమ్ము అడుగున వాల్వు పెట్టి వారానికోసారి మురికి వదలండి. లోపలి కంకరను కుళాయి నీళ్లతో కడగొద్దు, క్లోరిన్‌కు మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి. గుంట నీళ్లతోనే జాడించండి.

కరెంటు తీగ పీవీసీ గొట్టంలోంచి రావాలి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్త్ ఉండాలి. ఇది ఎలక్ట్రీషియన్ పని. నీళ్లలో చేయి పెట్టే ముందు స్విచ్ కట్టేయడం ఇంట్లో అందరికీ నేర్పండి.

బోరు నీళ్లు పనికొస్తాయా?

ముందు పరీక్ష చేయించండి. రొయ్యల చెరువుల నీళ్లు చూసే ల్యాబుల్లో పీహెచ్, ఆల్కలినిటీ, కాఠిన్యం, అమ్మోనియా చెప్తారు. మంచినీటి చేపల తొట్టి అని ముందే చెప్పండి. బోరు నీళ్లలో ఆమ్లజని తక్కువ, ఎత్తు నుంచి జల్లులా పడనిచ్చి ఒక రోజు ఉంచితే సరిపోతుంది. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి రెండు రోజులు ఎండలో ఉంచాలి, తొందరుంటే సోడియం థయోసల్ఫేట్.

తీరంలో ఉప్పు, కనిగిరి, పొదిలి వైపు కాఠిన్యం. రెండు చోట్లా చిక్కు ఒకటే: ఆవిరైపోయేది ఒట్టి నీరే, లవణాలు గుంటలోనే మిగులుతాయి. ఆవిరైనంత మేర అదే నీళ్లు పోస్తూ పోతే ఎండాకాలం చివరికి గాఢత బాగా పెరుగుతుంది. వారానికి 10 నుంచి 15 శాతం పాత నీళ్లు తీసి మొక్కలకు పోసి కొత్తవి పట్టండి. డాబా మీది వాన నీళ్లు నిల్వ ఉంటే అవే శ్రేష్ఠం, మొదటి వానవి మాత్రం వదిలేయాలి.

చేపలు ఎప్పుడు, ఏవి, ఎన్ని?

నీళ్లు పట్టిన రోజే యాభై చేపలు వేస్తే పది రోజుల్లో సగం తేలతాయి. చేపల విసర్జన అమ్మోనియా అవుతుంది, దాన్ని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అవి వడపోతలో కుదురుకోడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదట అయిదారు చేపలు, చిటికెడు మేత. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక వారానికి నాలుగైదు చొప్పున కలపండి. మన నీళ్లలో పీహెచ్ తరచూ 8 దాటుతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషం. అందుకే ఇక్కడ ఓపిక ఎక్కువ కావాలి.

తోక పొడవుగా ఉండే కామెట్ గోల్డ్‌ఫిష్ 4,000 లీటర్లకు 25 దాటొద్దు. గప్పీలు, మోలీలు వేడికి తట్టుకుంటాయి. మోలీ ఉప్పు నీళ్లకూ ఓర్చుకుంటుంది కాబట్టి తీరంలోని వాళ్లకు మంచిది. కోయి అందమే కానీ రెండడుగులు పెరుగుతుంది, ఒక్కోదానికి 1,000 లీటర్లు కావాలి. తిలాపియా వేస్తే ఏడాదికి గుంటంతా పిల్లలే. కొర్రమీను మిగతా చేపల్ని తినేస్తుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం.

నీళ్లు పచ్చబడుతున్నాయి. ఏం చేయాలి?

ఎండ, మేత ఎక్కువయ్యాయి. నీటి మీద సగం మేర కలువ ఆకులు పరుచుకోవాలి, మేత మూడు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. అన్నం మెతుకులు వద్దు. గుర్రపుడెక్క మాత్రం తేవద్దు, అది పట్టుకుంటే వదలదు. పచ్చ నీళ్లు చేపలకు పగలు హాని చేయవు. రాత్రి నాచు కూడా ఆమ్లజని పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. అలా కనిపిస్తే మేత ఆపి, ఎయిర్ పంపు వేసి, నాలుగో వంతు నీళ్లు మార్చండి.

ఎండాకాలం ఎలా గట్టెక్కాలి?

నీరు వేడెక్కేకొద్దీ ఆమ్లజనిని పట్టుకోలేదు: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైన ఉండేది 35 డిగ్రీలకు 7కు దిగుతుంది. చేపకేమో వేడిలోనే ఎక్కువ కావాలి. 3 అడుగుల లోతు అడిగింది ఇందుకే. 50 శాతం షేడ్‌నెట్టును పడమర వైపు వాలుగా, 7 అడుగుల ఎత్తున కట్టండి. ఐసు ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

నీటిమట్టం రోజూ దిగుతోంది. చిల్లు పడిందా?

బకెట్ పరీక్ష చేయండి. బకెట్లో నీళ్లు నింపి, మెట్టు మీద రాయి పెట్టి నిలబెట్టి, లోపలా బయటా గీత గీయండి. పంపు ఆపి ఒక రోజు చూడండి. రెండూ సమానంగా దిగితే ఆవిరే. 60 చదరపుటడుగుల గుంటలో సెంటీమీటరు దిగితే దాదాపు 56 లీటర్లు పోయినట్టు, మేలో అది మామూలే. బయట ఎక్కువ దిగితే కారుతోంది. ఎక్కడ దిగి ఆగిపోతుందో చిల్లు ఆ మట్టంలోనే ఉంటుంది.

తుఫాను హెచ్చరిక వస్తే?

పొర్లుగొట్టం జాలీ తుడిచి, షేడ్‌నెట్ విప్పేసి, మట్టం 6 అంగుళాలు తగ్గించండి. మీది భూగర్భజలం పైకొచ్చే చోటైతే తగ్గించొద్దు, షీటు లేస్తుంది. మేత రెండు రోజులు మానేయండి. వాన వెలిశాక పీహెచ్ చూడండి.

ఆక్వా షాపులో ఇచ్చే మందులు వాడొచ్చా?

వాడొచ్చు, లెక్క తెలిస్తే. ఆ డబ్బాల మీద మోతాదు ఎకరాకు ఉంటుంది. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్లంటే 40 లక్షల లీటర్లు, మీవి 4 వేలు. అంటే వెయ్యో వంతు: ఎకరాకు 10 కిలోలైతే మీకు 10 గ్రాములు. పిడికిలి లెక్కన చల్లితే చేపలుండవు. చేపలు నలతగా ఉంటే మొదట అయోడిన్ లేని రాళ్లుప్పు, 1,000 లీటర్లకు 3 కిలోలు, రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా కరిగించి పోయండి. అంతకుముందే కలువ కుండీలు బయటికి తీయాలి. వీధిలో దోమల పొగ వదిలే రోజున గుంట మీద పట్టా కప్పండి, ఆ మందు చేపలకు విషం.

దోమలు పుట్టవా?

కదిలే నీళ్లలో, గప్పీలున్న గుంటలో పుట్టవు. దోమలు పుట్టేది పక్కన వదిలేసిన కుండీల కింది పళ్లేల్లో.

పిల్లలు, పాములు, కొంగలు?

నడక నేర్చిన పిల్లలున్న ఇంట్లో రెండే మార్గాలు: నీటిమట్టానికి పైన గట్టి వెల్డ్ మెష్, ఇనుప కోణాల మీద బిగించి. లేదా 4 అడుగుల కంచె, తాళం. పిల్లలు పెద్దయ్యేదాకా గుంట ఆలోచనే వాయిదా వేసుకున్నా తప్పులేదు. కొంగలకు, లకుముకి పిట్టలకు నైలాన్ వల, అడుగున దాక్కోడానికి 6 అంగుళాల పైపు ముక్కలు. నీరుకట్టె పాము వస్తుంది, విషం లేదు. కానీ తడి చోటికి కప్పలు, కప్పల కోసం ఇతర పాములూ వస్తాయి కాబట్టి అరుగు చుట్టూ రాళ్ల గుట్టలు, సందులు ఉంచకండి, దీపం పెట్టండి.

పది రోజులు ఊరెళ్తే?

పెద్ద చేపలు వారం పైన మేత లేకుండా ఉండగలవు. పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇచ్చి వెళ్లకండి, ప్రేమ కొద్దీ ఎక్కువ వేస్తారు. పొట్లాలు కట్టి, మూడు రోజులకొకటి అని చెప్పి ఇవ్వండి, పంపు ఆగితే ఏ స్విచ్ చూడాలో చూపించండి.

చేపలు ఎక్కువైతే చెరువులో వదలొచ్చా?

వద్దు. గోల్డ్‌ఫిష్, మోలీ, గప్పీ మన చెరువులవి కావు, అక్కడి చేపలకు రోగాలు అంటిస్తాయి, తిండికి పోటీ పడతాయి. అక్వేరియం షాపులు తిరిగి తీసుకుంటాయేమో అడగండి, లేదా గుంట ఉన్న ఇంకొకరికి ఇవ్వండి.